మీ బతుకంతా వాళ్ల బీరువాలో.. వాళ్ల లెక్క ఎవరి బీరువాలో?

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత కాలేజీ విద్యార్థుల సమావేశంలో మా ప్రతినిధి చేసిన ప్రసంగ పాఠం)



మేము డిగ్రీ చదివే రోజుల్లో ఒక తతంగం ప్రతి ఏడూ జరిగేది. పాఠం మధ్యలో ఆఫీసు నుంచి ఒకాయన పొడుగాటి రిజిస్టరు పట్టుకొని వచ్చేవాడు. సారు పాఠం ఆపేవారు. ఆయన గుమ్మంలో నిలబడి "ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్పోళ్లు లేచి నిలబడండి" అనేవాడు. వాళ్లు లేచేవాళ్లు, ఆయన లెక్కపెట్టుకునేవాడు. తర్వాత బీసీలు, ఆ తర్వాత మైనారిటీలు. ఐదు నిమిషాల్లో ఎవరిది ఏ కులమో, ఎవరి ఇంట్లో తెల్ల కార్డు ఉందో క్లాసంతటికీ తెలిసిపోయేది. ఆ మధ్యాహ్నం నుంచి టిఫిన్ డబ్బాల దగ్గర కూర్చునే వరసలు మారిపోయిన సంగతి మాకు గుర్తుంది.

ఒక ఏడు మా మిత్రుడొకడు లేవలేదు. కోసిగి దిక్కు పిల్లోడు. తల్లీతండ్రీ మిరపకాయ కోతకు గుంటూరు దిక్కు సుగ్గికి పోయినవాళ్లు. గుమస్తా రెండుసార్లు పిలిచాడు, వీడు పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఏడు వాని స్కాలర్‌షిప్పు పోయింది. "ఎందుకు లేవలేదురా?" అని అడిగితే, "లేస్తే దుడ్లు వస్తాయి, కూకుంటే మర్యాద ఉంటాది. ఈ ఏడికి మర్యాద చాలు" అన్నాడు.

అదే నెలలో మేము నలుగురం కలిసి ఆఫీసుకు పోయి, స్పెషల్ ఫీజు కింద మా దగ్గర వసూలు చేసిన డబ్బు దేనికి ఖర్చు పెట్టారని అడిగాం. లైబ్రరీకి కొత్త పుస్తకం రాలేదు, ఆటల సామాను గదికి వేసిన తాళం తీయలేదు. వచ్చిన జవాబు ఒక్కటే: "అదంతా ఆఫీసు రికార్డు. మీకు చెప్పేది కాదు."

ఇది ఒక్క కాలేజీ కథ అయితే ఇంత దూరం వచ్చి మీకు చెప్పాల్సిన పని లేదు. విద్యార్థి కులం, ఆదాయం, మార్కులు, తండ్రి పని, ఫోను నంబరు అందరికీ తెలియవచ్చునట. కాలేజీ జమాఖర్చు మాత్రం ఎవరికీ తెలియగూడదట. చట్టం చెప్పేది సరిగ్గా దీనికి తలకిందులు. సంస్థ తెరిచి ఉండాలి, విద్యార్థి రికార్డు మూసి ఉండాలి. మన దగ్గర మూసేదాన్ని తెరిచారు, తెరిచేదాన్ని మూశారు. ఈ రోజు మాట్లాడాలనుకున్నది ఇదే.

ముందు మూసి ఉండాల్సిన దాని సంగతి.

2025 ఆగస్టు 25న ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. 1978లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. పాసైన వాళ్ల రిజిస్టరు చూపమని ఒకాయన సమాచార హక్కు కింద అడిగాడు. ప్రధాని నరేంద్ర మోదీ ఆ ఏడాదే అక్కడ పాసయ్యారన్నది మీకు తెలిసిన విషయమే. 2016 డిసెంబరులో కేంద్ర సమాచార కమిషన్ చూపించమని ఆదేశించింది. విశ్వవిద్యాలయం కోర్టుకెక్కింది. దాదాపు తొమ్మిదేళ్లకు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మార్కులు, డిగ్రీ, ఫలితం ఇవన్నీ వ్యక్తిగత సమాచారమనీ, విద్యార్థి నమ్మి అప్పగించిన వాటిని విశ్వవిద్యాలయం బయటివాళ్లకు ఇవ్వగూడదనీ చెప్పింది.

పదవిలో ఉన్నవాళ్ల చదువు ప్రజలకు తెలియాలా వద్దా అన్నది వేరే తగాదా. దాని మీద అప్పీలూ వెళ్లింది. ఆ తగాదాలోకి మనం దిగొద్దు. మనం అడగాల్సింది ఇంకొకటి. దేశానికి ప్రధాని అయిన మనిషి మార్కులు కూడా ఆయన సొంతమే అని కోర్టు అంటే, పెద్దకడుబూరు నుంచి, హొళగుంద నుంచి బస్సెక్కి వచ్చే మన అమ్మాయి మార్కులు ఎవరి సొంతం? ఆ అమ్మాయిని అడగకుండా ఫోటో, హాల్ టికెట్ నంబరు, మార్కులు ఫ్లెక్సీ మీదికి ఎక్కించి మెయిన్ రోడ్డు సెంటర్లో కట్టే హక్కు ఎవరిచ్చారు? ఫస్టు వచ్చిన వాళ్లకు అది సంబరమే కావచ్చు. వాళ్లను అడిగి, సరే అంటే కట్టుకోండి. ఫెయిలైన వాళ్ల పేర్లు గోడకు అంటించడం ఎవరి సంబరం?

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మేము పత్రికలవాళ్లం. ఫలితాలొచ్చిన రోజు కాలేజీవాళ్లు పంపిన ఫోటోలు, మార్కులు పేజీల నిండా వేసుకున్నాం. ఒక్క పిల్లనైనా, పిల్లోడినైనా "వేసుకోవచ్చునా?" అని అడిగింది లేదు. ప్రకటన డబ్బు కాలేజీ ఇచ్చింది, మనకెందుకులే అనుకున్నాం.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మనకు కొత్తవారు కాదు. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా చేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్ వెనకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షుడిగా పనిచేసిన పెద్దాయన. తొంభై ఏళ్లకు దగ్గర పడుతున్నప్పుడు ఆధార్ మీద పోరాటానికి కూర్చున్నారు. ఇరవై ఏళ్ల వాళ్లం మనం ఒక్క అర్జీ రాయడానికి బద్ధకిస్తున్నాం.

గోప్యత అంటే పెద్దోళ్ల సరదా, పేదోడికి దాచుకునేందుకు ఏముంది అని కొందరంటారు. ఉంది. చెబుతాం వినండి.

మాకు తెలిసిన ఒక అమ్మాయి కౌతాళం దిక్కు నుంచి వచ్చేది. ఇంట్లో మొదటి డిగ్రీ. పేరు, కాలేజీ పేరు చెప్పం. పరీక్ష ఫీజు కట్టని వాళ్ల జాబితా నోటీసు బోర్డుకు అంటించారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, బకాయి, ఫోను నంబరు అన్నీ అందులో ఉన్నాయి. కంప్యూటరులో ఉన్న పట్టీని ఉన్నట్టే ప్రింటు తీశారు, అంతే. ఎవరూ చెడుబుద్ధితో చేసింది కాదు. ఆ రాత్రి నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ఎవరెవరో. అది ఆ అమ్మాయి ఫోను కూడా కాదు, అన్నది. మూడో రోజు అన్న అడిగిన ప్రశ్న ఒకటే: "నీ నంబరు వాళ్లకెట్లొచ్చె?" నోటీసు బోర్డు మీద ఉందని ఆ అమ్మాయి చెప్పింది. ఎవరు నమ్ముతారు? ఎండాకాలం రాకముందే పెళ్లి చేసి పంపించేశారు. కట్టాల్సిన ఫీజు మూడంకెల్లో ఉండింది.

జాబితా పెట్టొద్దని ఎవరూ అనడం లేదు. హాల్ టికెట్ నంబరు, బకాయి మొత్తం రాస్తే సరిపోదా? నంబరు ఎవరిదో వాళ్లకు తెలుసు. కులం గడి ఎందుకు, ఫోను గడి ఎందుకు? గుమస్తా రెండు గడులు తీసేసి ప్రింటు కొట్టుంటే ఆ అమ్మాయి ఈపాటికి డిగ్రీ చేతికి తీసుకునేది.

ఇప్పుడు నోటీసు బోర్డు ఇంటర్నెట్‌కు ఎక్కింది. న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు తమ గురించి నివేదిక రాసి, సాక్ష్యంగా కాగితాలు జతచేసి వెబ్‌సైట్లో పెడతాయి. ఎంతమందికి స్కాలర్‌షిప్పు ఇచ్చాం, ఎంతమంది ఉద్యోగాల్లో చేరారు అని చూపించుకోవడానికి కొన్ని కాలేజీలు విద్యార్థుల పట్టీలనే ఎక్కించేస్తున్నాయి. పేరు, కులం, ఫోను అన్నీ అందులోనే. ఇంటికి పోయి మీ కాలేజీ పేరు పెట్టి వెతికి చూడండి, మీ పేరు ఉందో లేదో. ప్రభుత్వమే ఇందులో తక్కువ తినలేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం సహా బయటపడ్డాయి. ఇల్లు కట్టుకున్న పాపానికి!

రెండో సంగతి. రికార్డు ఇతరులకు మూసి ఉండాలి, కానీ అది ఎవరిదో వాళ్లకు తెరిచి ఉండాలి. మన దగ్గర అదీ తిరగబడే ఉంది.

రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకు ముందు మన కాలేజీలు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలని 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకుంటే, అది పూర్తి విశ్వవిద్యాలయం అయ్యేసరికి 1981 వచ్చింది. దాని గురించి ఇంకోరోజు మాట్లాడుకుందాం. ఇప్పటికి చెప్పేదేమంటే, మార్కుల తగాదా వస్తే ఆదోని పిల్లోడు ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా వంద కిలోమీటర్ల దాకా బస్సులో కూర్చొని కర్నూలుకు పోవాల. 2022లో జిల్లాలు విడగొట్టి నంద్యాలను జిల్లా చేశారు. ఆదోని మాత్రం అదే బస్సు ఎక్కుతోంది. అక్కడికి పోతే "రీవాల్యుయేషన్‌కు కట్టుకో" అంటారు. కడితే "మార్పు లేదు" అని ఒక ముక్క వస్తుంది. పేపరు ఎవరు దిద్దారో మనకు అక్కర్లేదు, ఎట్లా దిద్దారో చూడొద్దా?

చూడొచ్చు. కలకత్తా వైపు ఒక విద్యార్థి తన జవాబుపత్రం తనకు చూపించమని సీబీఎస్ఈని అడిగాడు. కుదరదన్నారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2011 ఆగస్టు 9న కోర్టు తేల్చేసింది. దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కింద 'సమాచారమే', రాసిన విద్యార్థికి చూసే హక్కూ నకలు తీసుకునే హక్కూ ఉన్నాయి అని. దిద్దినాయన పేరు మాత్రం చెప్పరు. అది న్యాయమే, ఆయనకూ ఇల్లూ పిల్లలూ ఉంటారు. ఒక్క మెలిక ఉంది. జవాబుపత్రాలు ఎన్నాళ్లు దాచాలని నిబంధన ఉందో అన్నాళ్లే ఈ హక్కు. పాత కాగితాల కింద తూకానికి పోయాక అడిగితే ఏమీ రాదు. కాబట్టి ఫలితం వచ్చిన వారంలోనే అర్జీ పెట్టండి. సొంత నిబంధనల కింద నకలుకు వందల రూపాయలు అడిగే సంస్థలున్నాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఆ చట్టం ప్రకారమే రుసుము తీసుకోవాలని 2019లో కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్ర నిబంధనల్లో మామూలు కాగితానికి పేజీ రెండు రూపాయలు.

ఇదంతా ఒకటి రెండు మార్కుల ముచ్చట అనుకోవద్దు. పక్కన తెలంగాణలో 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ప్రైవేటు సంస్థకు అప్పగించిన పనిలో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా అని చూపించారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు ఇంటర్ బోర్డు ముందు కూర్చున్నాక, త్రిసభ్య కమిటీ వేశాక, ఫెయిలైన మూడు లక్షలకు పైగా విద్యార్థుల పేపర్లు మళ్లీ చూశారు. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ పేపర్లు మొదటి రోజే పిల్లల కళ్ల ముందు ఉండి ఉంటే? 2025లో మన రాష్ట్రం పదో తరగతి రీవెరిఫికేషన్‌లోనూ వేల పేపర్లలో మార్కులు మారాయి. సారుకు కోపం వస్తుందేమో, ప్రాక్టికల్స్‌లో తీసేస్తారేమో అని భయపడి ఊరుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెబుతున్నాం. పేపరు అడగడం సారును తప్పుపట్టడం కాదు. ఎవరైనా ఫెయిలైతే ఆ రాత్రి ఒంటరిగా ఉండనీయకండి. పేపరు సంగతి తెల్లారి చూసుకుందాం.

మూడోది సర్టిఫికెట్లు. ఇది మీకు మాకంటే బాగా తెలుసు. "ఏమప్పా, మీ రీయింబర్స్‌మెంటు ఇంకా రాలేదు, టి.సి. ఎట్లిచ్చేది?" ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి పిల్లోని పదో తరగతి మెమోను తాకట్టు పెట్టుకోవడం ఇది. 2021 నుంచి కొన్నేళ్లు ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. అప్పుడు కాలేజీలు తల్లుల వెంట పడ్డాయి. తర్వాత మళ్లీ కాలేజీలకే వేస్తామన్నారు. ప్రభుత్వం మారితే డబ్బు పోయే ఖాతా మారింది, బీరువాలో సర్టిఫికెట్ మాత్రం కదల్లేదు. ఒరిజినల్స్ చూసి, సరిచూసుకొని వెంటనే వెనక్కి ఇచ్చేయాలని, కాలేజీ తన దగ్గర పెట్టుకోగూడదని యుజిసి 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాగితం జిరాక్సు తీసి జేబులో పెట్టుకోండి. అడిగినప్పుడు నోటితో కాదు, రాసి అడగండి. రాసిన దానిమీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యమంటే స్పీడ్ పోస్టులో పంపండి.

మన ప్రాంతంలో రికార్డు అంటే ఉద్యోగం కూడా. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి స్థానికుడెవరో ముందుగా తేల్చేది బడి రికార్డు. నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివావు అనే స్టడీ సర్టిఫికెట్. సుగ్గికి పోయిన కుటుంబంలో పిల్లోడు ఒక ఏడు గుంటూరు దిక్కు గుడిసెలో, ఒక ఏడు సీజనల్ హాస్టల్లో ఉంటాడు. రికార్డులో ఒక ఏడు చెరిగిపోతుంది. పేర్ల సంగతి మరీ అన్యాయం. మన దిక్కు ఈరన్నలు, ఉరుకుందప్పలు ఇంటికొకరు. బళ్లో ఉరుకుందప్ప, ఆధార్‌లో ఉరుకుందు, మార్కుల మెమోలో ఇంగ్లీషు అక్షరం ఒకటి ఎక్కువ. మూడు కాగితాలు, ముగ్గురు మనుషులు! అపార్ నంబరు తీసుకోవాలని 2024లో బళ్లమీద ఒత్తిడి పెట్టినప్పుడు ఈ తేడాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. అపార్ ఐచ్ఛికమే, తల్లిదండ్రుల సమ్మతితోనే ఇవ్వాలని కేంద్రం చెబుతుంది. మన దగ్గర సమ్మతి పత్రం ఎట్లా నింపుతారో మీరే చూశారు. సంతకం చేయాల్సిన తల్లి మిరప చేన్లో ఉంటుంది, ఓటీపీ ఆమె ఫోనుకు పోతుంది. ఫోనులో చార్జింగు ఉండదు. ఇక్కడ పిల్ల ఆఫీసు గుమ్మంలో నిలబడి ఏడుస్తూ ఉంటుంది.

తప్పును సరిచేయించుకునే హక్కు కొత్త చట్టంలో ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం. మీ గురించి ఏమేం దాచుకున్నారో అడగొచ్చు, దిద్దించుకోవచ్చు, అవసరం తీరాక తుడిచేయమనొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని ఇంటర్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే సంస్థల మీద పడే అసలు బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా.

సంస్థలకు గడువిచ్చిన ఆ చేతులే ఇంకో పని మాత్రం గడువు లేకుండా చేశాయి. సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని అప్పటికప్పుడే మార్చేశాయి. అంతకు ముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే, శాసనసభకు చెప్పదగ్గదైతే పౌరుడికీ చెప్పాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు 'వ్యక్తిగత సమాచారం' అంటే చాలు, ఇవ్వక్కర్లేదు. ఇది మన పేరు చెప్పి వాళ్ల లెక్కలు దాచుకోవడానికి వేసిన తలుపు అని మా అభిప్రాయం. రేపు మీరు పోయి స్కాలర్‌షిప్పు ఎంతమందికి వచ్చిందని అడిగితే "విద్యార్థుల గోప్యత" అంటారు చూడండి. కులం పేరు పెట్టి క్లాసులో నిలబెట్టినప్పుడు గుర్తుకు రాని గోప్యత! దానికి జవాబు రాసిపెట్టుకోండి: "మాకు పేర్లు వద్దు, సంఖ్యలు కావాలి." సంఖ్యకు గోప్యత లేదు. నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని చెప్పే 8(2) ఇంకా బతికే ఉంది. దాన్ని అర్జీలో పేర్కొనండి.

తెరిచి ఉండాల్సిన దాని సంగతికి వచ్చాం. ఏం అడగాలి? స్పెషల్ ఫీజు ఎంత వసూలైంది, ఏ తేదీన దేనికి ఖర్చైంది. మంజూరైన అధ్యాపక పోస్టులెన్ని, నిండినవెన్ని, గెస్టు ఫ్యాకల్టీతో నడిచేవెన్ని. రీయింబర్స్‌మెంటు కింద ప్రభుత్వం మీ కోర్సుకు ఎంత విడుదల చేసింది, ఏ తేదీన. అదే మీ సర్టిఫికెట్ తాళం చెవి! విశ్వవిద్యాలయం తనిఖీకి వచ్చినప్పుడు ల్యాబులో ఏమేమి ఉన్నాయని రాసుకొని పోయింది. చాలా కాలేజీల్లో తనిఖీ రోజు కనిపించిన మైక్రోస్కోపులు మర్నాడు ఉండవని మీరే నవ్వుతూ చెబుతుంటారు. నివేదిక నకలు తెప్పించి ల్యాబులో నిలబడి చదవండి.

ప్రభుత్వ కాలేజీలో పౌర సమాచార అధికారి పేరు బోర్డు మీద ఉండాలి. అర్జీకి కారణం చెప్పక్కర్లేదు. రుసుము మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. తెల్ల కార్డు నకలు పెడితే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌కు రెండోది. కారణం లేకుండా ఇవ్వని అధికారికి రోజుకు 250 చొప్పున ఇరవై ఐదు వేల దాకా జరిమానా వేయొచ్చు. వేయడం అరుదు, అదీ చెప్పాలి. కమిషన్‌లో ఫైలు నెలలూ ఏళ్లూ నానుతుంది. అయినా మొదటి ముప్పై రోజుల్లోనే సగం పనులు అవుతాయని మా అనుభవం. రాతలో అడిగాడంటే వీడు ఊరుకోడు అని ఆఫీసుకు అర్థమవుతుంది.

"మాది ప్రైవేటు, మాకు వర్తించదు" అంటారు. ప్రభుత్వ డబ్బుతో గణనీయంగా నడిచే కాలేజీలకు వర్తిస్తుందని 2019 సెప్టెంబరులో డి.ఏ.వి. కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎయిడెడ్ కాలేజీలు ఆ మాట చదువుకోవాలి. ఇక పూర్తి ప్రైవేటు అయితే, 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించి ప్రైవేటుగా మారినవైతే, కాలేజీని అడగొద్దు. విశ్వవిద్యాలయాన్ని అడగండి. ప్రైవేటు సంస్థ నుంచి ఒక ప్రభుత్వ సంస్థ ఏ చట్టం కిందైనా తెప్పించుకోగలిగిన సమాచారం కూడా సమాచారమే అని 2(ఎఫ్) చెబుతుంది. గుర్తింపు ఇచ్చేది విశ్వవిద్యాలయం, కాబట్టి కాగితాలన్నీ అక్కడ ఉంటాయి.

ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. తల్లిదండ్రుల సంగతేమిటి? అమెరికాలో 1974 నుంచి ఒక చట్టం ఉంది, ఫెర్పా అంటారు. విద్యార్థి కాలేజీలో చేరాడంటే రికార్డు మీద హక్కు తండ్రి నుంచి విద్యార్థికి మారుతుంది. విద్యార్థి అడిగితే నలభై ఐదు రోజుల్లో రికార్డు చూపించాలి. విద్యార్థి రాసివ్వకుండా సాధారణంగా మార్కులు ఇంటికి చెప్పరు. అప్పుచేసి పిల్లోణ్ని అక్కడికి పంపిన మనవాళ్లు కొందరు యూనివర్సిటీకి ఫోను చేసి, ఈ మాట విని తెల్లబోయారు. ఇదేం న్యాయమని మాతో వాదించారు కూడా. మాకు పూర్తి జవాబు తెలియదు. చేతులు మండే మిరపకాయ కోసి ఫీజు కట్టిన తల్లికి బిడ్డ చదువు ఎట్లుందో అడిగే హక్కు లేదనడానికి మాకు నోరు రాదు. కానీ "మీ అమ్మాయి రెండు రోజులు రాలేదు" అని కాలేజీ కొట్టిన ఒక్క ఫోనుతో చదువు ఆగిపోయిన ఇళ్లూ చూశాం. మేము అనేదేమంటే, ఇంటికి చెప్పే ముందు ఆ పిల్లను పిలిచి అడగండి. ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు. బస్సు తప్పి ఉండొచ్చు. చెప్పుకోలేని ఇంకేదైనా అయ్యుండొచ్చు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మిమ్మల్ని దోషులుగా నిలబెట్టడానికి రాలేదు. ఆఫీసులో ఒక్కరే పది మంది పని చేస్తున్నారని తెలుసు. కానీ ఉద్యమంలో లెక్క విలువ మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెలంగాణలో 1985లో 610 జి.ఓ. నినాదంతో రాలేదు. ఏ ఆఫీసులో ఎంతమంది స్థానికేతరులున్నారని ఉద్యోగులు రికార్డులు తిరగేసి లెక్క తీశారు కాబట్టి వచ్చింది. మన ప్రాంతానికి ఏం దక్కిందో, ఏం దక్కలేదో రుజువు చేయాలన్నా కాగితమే కావాలి. ఆ కాగితం అడగడం ఈ పిల్లలు కాలేజీలో నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు? జాబితా అంటించే ముందు కులం గడి, ఫోను గడి తీసేయండి. స్కాలర్‌షిప్పు వాళ్లను క్లాసులో పిలవొద్దు, ఆఫీసు కిటికీ దగ్గరకు రమ్మనండి. దీనికి జి.ఓ. అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు.

లేవని మా మిత్రుడి సంగతి సగంలో వదిలేశాం. డిగ్రీ పూర్తి చేశాడు. ఫీజు బాకీ ఉందని టి.సి. ఇవ్వలేదు. బెంగుళూరులో కట్టడం పనికి పోయి, రెండేళ్లకు డబ్బు కూడబెట్టుకొని వచ్చి తీసుకున్నాడు. ఆ ఏడాది వాని పేరు మీద ప్రభుత్వం నుంచి కాలేజీకి ఎంత జమైందో వాడెప్పుడూ అడగలేదు. అడగొచ్చని వానికి తెలియదు, మాకూ తెలియదు. చట్టం 2005 నుంచి ఉంది.

తెల్లకాగితాలు, పది రూపాయల పోస్టల్ ఆర్డర్లు తెచ్చాం. ఎమ్మిగనూరు పిల్లలకు ఆరున్నర బస్సు ఉందంటున్నారు, వాళ్లవి ముందు రాద్దాం. తెల్ల కార్డు నకలు ఉన్నవాళ్లు ఈ వరసలోకి రండి.. వద్దు, లేవొద్దు. ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చోండి, మేమే మీ దగ్గరికి వస్తాం.